డోడో చేతగానిది కాదు

ఎనిమిదో తరగతిలో జీవవైవిధ్యం పాఠం చెబుతున్న రోజు అది. బోర్డు మీద డోడో పక్షి బొమ్మ వేశాను. మారిషస్ దీవిలో ఉండేదని, ఎగరలేదని, మనుషులు ఆ దీవికి వచ్చిన కొద్దికాలంలోనే అంతరించిపోయిందని చెప్పాను. వెనక బెంచీ మీది పిల్లవాడొకడు లేచి, “అది చేతగానిది సార్. ఎగరరాదు, ఉరకరాదు. ఇగ చావక ఏం జేస్తది? బలమున్నదే బతుకుతది గదా” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడు ముందు వరసలోంచి ఒక అమ్మాయి మెల్లగా అడిగింది. “సార్, పేపర్ల మనల్ని గూడ ఆదిమ జాతి అని రాస్తరు. డోడోది గూడ జాతే అన్నరు. మరి మనది గూడ అంతరించిపోయే జాతేనా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. “అట్లాంటిదేం లేదు, కూర్చో” అన్నాను. బెల్లు కొట్టారు. పుస్తకం మూసి బయటికొచ్చాను.

అది జవాబు కాదని నాకు తెలుసు. డి.ఎడ్.లో నేర్చుకున్న పాఠ్యపథకంలో అలాంటి ప్రశ్నకు చోటు లేదు. పిల్లవాడి మాట తప్పని అనిపించింది గాని, ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. అది చెప్పలేనివాడు ఆ అమ్మాయికి ధైర్యంగా జవాబు చెప్పలేడు. ఎందుకంటే ఇద్దరి మాటల వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. పోయినవాళ్లు చేతగాకే పోయారా? ఈ ప్రశ్న మన గూడేల్లో పుట్టిన ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అందుకే ఆలస్యంగానైనా జవాబు వెతుక్కున్నాను. దానికోసం దీవుల దాకా వెళ్లాల్సి వచ్చింది. దీవికి హద్దు ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు అక్కడే తయారయ్యారు అన్నది అక్కడ లెక్కపెట్టవచ్చు.

దీవి మనకు దూరపు మాటేమీ కాదు. మన బడుల నుంచి పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకుపోతుంటాం. లాంచీ దిగగానే పిల్లలు “దీవి, దీవి” అని అరుస్తారు. నిజానికి అది దీవిగా పుట్టలేదు. కృష్ణా లోయలో అదొక కొండ. 1955లో పునాది వేసి 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఆనకట్ట వెనక లోయ మునిగిపోయాక, కొండపై భాగం దీవిగా మిగిలింది. ఇలా తెగిపోయి దీవులైనవి ఒక రకం. సముద్రం అడుగున అగ్నిపర్వతం రగిలి, లావా గడ్డకట్టి, నీళ్లపైకి లేచినవి ఇంకో రకం. మొదటి రకం దీవి నిండుగా మొదలై కొన్నింటిని పోగొట్టుకుంటుంది. రెండో రకం ఖాళీగా మొదలై నిండుతుంది.

మొదటి రకానికి బాగా పరిశీలించిన ఉదాహరణ పనామాలో ఉంది. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. గాటున్ సరస్సు నిండేసరికి ఒక అడవి కొండ బారో కొలరాడో అనే దీవి అయింది. 1923 నుంచి ఆ అడవిని శాస్త్రవేత్తల కోసం కాపాడుతున్నారు. చెట్లు కొట్టనివ్వరు. అయినా అక్కడి పక్షుల్లో పదుల కొద్దీ జాతులు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. కారణం ఏమిటంటే చోటు తగ్గితే ప్రతి జాతిలోనూ తల లెక్క తగ్గుతుంది. తల లెక్క తగ్గినదాన్ని ఒక్క చెడ్డ ఏడాది తుడిచేస్తుంది. మునుపైతే పక్క అడవి నుంచి ఇంకో జంట వచ్చి ఆ ఖాళీ నింపేది. గుబురు అడవిలో నేలకు దగ్గరగా తిరిగే పిట్టలు కొన్ని నీళ్లు దాటి ఎగరవు. మనకు ఈదేంత దూరమే అయినా వాటికి అది సముద్రమే.

రెండో రకానికి క్రకటోవా కథ చెబుతాను. జావా, సుమత్రా దీవుల మధ్య ఉన్న ఆ అగ్నిపర్వతం 1883 ఆగస్టులో పేలింది. మిగిలిన ముక్క వేడి బూడిద కింద కప్పబడిపోయింది. తొమ్మిది నెలల తరువాత వెళ్లిన అన్వేషకులకు అక్కడ కనిపించిన ప్రాణి ఒకే ఒక్క చిన్న సాలీడు. గాలికి దారం వదిలి ఎగిరొచ్చి, తినడానికి ఏమీ లేని చోట గూడు అల్లుకుంటోంది. తరువాత గాలికి ఫెర్న్ మొక్కల సిద్ధబీజాలు వచ్చాయి. అలల మీద తేలుతూ గింజలు వచ్చాయి. పక్షులూ గబ్బిలాలూ తిన్న పండ్ల గింజలు వాటి రెట్టలతో రాలాయి. యాభై ఏళ్లకు మళ్లీ అడవి అయింది.

ఆ దీవి మీద స్థిరంగా ఉండే నేల పక్షుల్ని శాస్త్రవేత్తలు లెక్కపెట్టారు. 1908లో 13 జాతులు. 1919-21 నాటికి 27. మళ్లీ 1932-34లో లెక్కపెడితే అప్పుడూ 27. అంకె మారలేదు గాని, లోపలున్నవి కొన్ని మారాయి. పచ్చిక బయలు కావలసిన పిట్టలు అడవి మూసుకోగానే పోయాయి. వాటి స్థానంలో నీడ కావలసినవి వచ్చాయి.

రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1963లో ఒక వ్యాసంగా, 1967లో పుస్తకంగా దీనికి ఒక సూత్రం చెప్పారు. జనాభా లెక్కల డ్యూటీ చేసిన టీచర్లకు అది వెంటనే అర్థమవుతుంది. దీవి మీద జాతుల సంఖ్య అంటే వచ్చేవాటికీ పోయేవాటికీ మధ్య కుదిరిన తూకం. పెద్ద నేలకు దగ్గరగా ఉంటే వచ్చేవి ఎక్కువ. దీవి పెద్దదైతే పోయేవి తక్కువ. 1966లో విల్సన్, ఆయన శిష్యుడు డేనియల్ సింబర్లాఫ్ ఫ్లోరిడా తీరంలోని చిన్న చిన్న మడచెట్ల దీవులను ఎంచుకున్నారు. పురుగుమందు పొగ పెట్టి వాటి మీది కీటకాలన్నిటినీ లేకుండా చేశారు. ఏడాది తిరిగేసరికి చాలా దీవుల మీద మునుపటంత సంఖ్యలో జాతులు చేరాయి. కానీ అందులో మునుపున్నవి కొన్నే. మిగతావి వేరే.

ఇది జీవావరణ శాస్త్రం చెప్పే సగం కథ. ఈ సగమే నిజమైతే ప్రతి దీవీ పెద్ద నేలకు చిన్న నకలులా ఉండాలి. ఉండదు. దక్షిణ అమెరికా తీరం నుంచి సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న గలపాగోస్ దీవులకు 1835లో డార్విన్ వెళ్లాడు. అక్కడి పిచ్చుకల్లాంటి ఫించ్ పిట్టలు లోకంలో మరెక్కడా లేవు. ఎప్పుడో లక్షల ఏళ్ల కింద అక్కడికి చేరిన ఒకే రకం పిట్టల సంతానం, కాలక్రమంలో డజనుకు పైగా జాతులుగా విడిపోయింది. వాటి ముక్కులు చూస్తే కంసాలి పెట్టె తెరిచినట్టుంటుంది. ఒకదానికి సన్నని పట్టకారు, ఇంకొకదానికి అడకత్తెర. అవి వచ్చినవి కావు, అక్కడ తయారైనవి.

ఎలా తయారయ్యాయో కళ్లారా చూసినవాళ్లు ఉన్నారు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి డాఫ్నే మేజర్ అనే దీవి మీద పనిచేశారు. అర చదరపు కిలోమీటరు కూడా లేని రాతి గుట్ట అది. అక్కడి మధ్యరకం నేల ఫించ్‌లను ఒక్కొక్కదాన్ని పట్టి, కాలికి రింగు తొడిగి, ముక్కు కొలిచి వదిలిపెట్టేవారు. 1977లో వానలు పడలేదు. మెత్తని చిన్న గింజలు ముందుగా అయిపోయాయి. మిగిలింది పల్లేరు కాయలు. అవును, మన పిల్లల కాళ్లకు గుచ్చుకునే పల్లేరుకు దగ్గరి చుట్టమైన మొక్కే అది. ఆ ముళ్ల కాయను పగలగొట్టాలంటే లోతైన, గట్టి ముక్కు కావాలి. ఆ కరువులో నూటికి ఎనభైకి పైగా పిట్టలు చనిపోయాయి. బతికినవాటిలో పెద్ద ముక్కువే ఎక్కువ. వాటి పిల్లల ముక్కులు కూడా పెద్దవే. తేడా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. బతుక్కీ చావుకీ మధ్య ఉన్నది అంతే.

ఇక్కడితో ఆపితే మా పిల్లవాడి మాట నిజమనిపిస్తుంది. పెద్ద ముక్కున్నదే బతికింది కదా అని. ఆపకూడదు. 1982-83లో విపరీతమైన వానలు పడ్డాయి. తీగలు అల్లుకున్నాయి, చిన్న గింజలు కుప్పలు కుప్పలుగా పండాయి. ఆ తరువాతి కరువులో చిన్న ముక్కువే ఎక్కువగా నిలిచాయి. చిన్న గింజను ఏరుకోవడానికి పెద్ద ముక్కు పనికిరాదు. పెద్ద ఒంటికి తిండీ ఎక్కువే కావాలి.

ఇంకో సంగతి. 1982లోనే ఆ దీవికి ఇంకా పెద్ద ముక్కున్న మరో ఫించ్ జాతి వచ్చి కాపురం పెట్టింది. 2003-05 మధ్య మళ్లీ కరువు వచ్చినప్పుడు పల్లేరు కాయల్ని ఆ కొత్త పిట్టలే తినేశాయి. ఈసారి మధ్యరకం ఫించ్‌లలో పెద్ద ముక్కున్నవే ఎక్కువగా చనిపోయాయి. 1977లో ప్రాణం కాపాడిన ముక్కే ఈసారి ప్రాణం తీసింది. ముక్కులో లోపం లేదు. పొరుగు మారింది.

దీవుల వైవిధ్యాన్ని అర్థం చేసుకోవడానికి నాకు తోడ్పడిన సంగతి ఇదే. జీవావరణం ఒక పక్క, పరిణామం ఒక పక్క విడివిడిగా పనిచేయవు. ఏ వానలు పడ్డాయి, ఏ గింజ మిగిలింది, పొరుగున ఎవరు చేరారు అన్నది ఏ ముక్కు మంచిదో తేలుస్తుంది. ముక్కు మారితే ఎవరు ఏ గింజ తింటారో మారుతుంది. దాంతో పొరుగు మళ్లీ మారుతుంది. చక్కీలో పై రాయీ కింది రాయీ లాగా ఆ రెండూ కలిస్తేనే పిండి.

పాఠ్యపుస్తకాల్లో ‘యోగ్యతమ సార్థక జీవనం’ అనే బరువైన మాట ఉంటుంది. దాన్ని మనం “బలమున్నదే బతుకుతుంది” అని తేలిక చేసి చెప్పేస్తాం. ఆ మాట మొదట వాడింది డార్విన్ కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్వవేత్త. డార్విన్ తరువాత తీసుకున్నాడు. యోగ్యత అంటే బలం కాదు. ఆ చోటుకు, ఆ కాలానికి, ఆ పొరుగుకు సరిపోవడం. తాళంచెవి మంచిదా చెడ్డదా అని తాళం చూడకుండా చెప్పలేం.

ఇక దూరపు దీవుల సంగతి. దూరం ఎక్కువైతే వచ్చేవి తక్కువని చెప్పుకున్నాం. మరి అలాంటి దీవులు బోసిగా ఉండాలి కదా? ఉండవు. హవాయి దీవులు ఏ ఖండానికైనా 3,500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. అక్కడికి చేరగలిగినవి చాలా కొద్ది. కానీ చేరినవాటికి పోటీ లేదు, చోటుంది, కాలం ఉంది. అలా చేరిన ఒక ఫించ్ రకం పక్షి సంతానమే యాభైకి పైగా హనీక్రీపర్ జాతులుగా విడిపోయింది. పూలతేనె తాగేవి కొన్ని, బెరడు కింద పురుగును లాగేవి కొన్ని, గింజలు కొరికేవి కొన్ని. వలస ఆగినచోట పుట్టుక పని మొదలుపెడుతుంది.

అయితే పుట్టుకకూ చోటు కావాలి. కరేబియన్ దీవుల్లో అనోలిస్ అనే తొండల్లాంటి బల్లులు ఉన్నాయి. క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టోరికో అనే నాలుగు పెద్ద దీవుల్లోనూ చెట్టు కొనన ఉండేవి, మొదలు మీద ఉండేవి, సన్న పుల్ల మీద ఉండేవి వేరువేరుగా తయారయ్యాయి. చాలామటుకు ఏ దీవిలో దానికదే. కానీ సుమారు 3,000 చదరపు కిలోమీటర్ల కన్నా చిన్న దీవుల్లో ఒక అనోలిస్ జాతి రెండుగా చీలిన దాఖలా కనిపించలేదు. విడిపోవడానికి లోయలూ గుట్టలూ ఉండాలి, ఎడం ఉండాలి. కాలం కూడా లెక్కలోకి వస్తుంది. అగ్నిపర్వత దీవి పుడుతుంది, పెరుగుతుంది, వానకూ అలకూ అరిగి మళ్లీ సముద్రంలో కలుస్తుంది. కొత్త దీవికి ఇంకా జాతులు చేరలేదు. ముసలి దీవికి చోటు తరిగిపోయింది. నడివయసు దీవి మీదే సాధారణంగా వైవిధ్యం ఎక్కువ.

కాబట్టి ఏ దీవి మీదైనా రెండు ఖాతాలుంటాయి. ఒకటి వచ్చినవాటి ఖాతా. అది సంవత్సరాల్లో, దశాబ్దాల్లో నిండుతుంది. రెండోది అక్కడే తయారైనవాటి ఖాతా. అది వేల, లక్షల ఏళ్లలో నిండుతుంది. మొత్తం కలిపి ఒకే అంకె రాస్తే ఏ ఖాతాలో ఎంతుందో కనిపించదు. మన నీతి ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఒక తెలివైన వాదన ఉంది. దాన్ని దాటవేయకూడదు. “ప్రకృతిలో రావడం, పోవడం మామూలే. క్రకటోవాలో కొన్ని పిట్టలు పోయి వేరేవి వచ్చాయి, అంకె 27 దగ్గరే ఉంది. మారిషస్‌లో డోడో పోయింది, వేరే పక్షులు వచ్చాయి. దీనికి మాత్రం ఏడుపెందుకు?” అంతేకాదు, న్యూజిలాండ్‌లో సుమారు 2,000 స్థానిక మొక్కల జాతులుంటే, మనుషులతో వచ్చి అడవి బాట పట్టిన బయటి మొక్కలు దాదాపు మరో 2,000. దీవి లెక్క పెరిగిందే గాని తగ్గలేదు. మరి నష్టం ఎక్కడ?

నష్టం ఖాతాలో ఉంది. క్రకటోవాలో పోయిన పిట్ట జావాలో ఉంది. రేపు గాలి వాటమైతే మళ్లీ రాగలదు. మారిషస్‌లో పోయిన డోడో ఎక్కడా లేదు. మొదటిది పక్క ఊరికి పోయిన మనిషి, రెండోది కాటికి పోయిన మనిషి. న్యూజిలాండ్‌కు చేరిన ఐరోపా మొక్క ఐరోపాలోనూ ఉంది. అది చేరినందువల్ల లోకానికి కొత్తగా ఒక్క జాతీ కలవలేదు. కానీ దీవిలో మాత్రమే ఉండేది పోతే లోకంలోనే ఒకటి తగ్గుతుంది. గత 500 ఏళ్లలో అంతరించినట్టు నమోదైన పక్షి జాతుల్లో పదింట తొమ్మిది దాకా దీవులవే.

ఇప్పుడు డోడో దగ్గరికి వద్దాం. డోడో పావురాల కుటుంబానికి చెందింది. బతికి ఉన్నవాటిలో దానికి అతి దగ్గరి చుట్టం నికోబార్ పావురం. మన దేశపు నికోబార్ దీవుల్లో ఈనాటికీ ఉంది, చక్కగా ఎగురుతుంది. డోడో పూర్వీకులు కూడా ఎగిరే వచ్చి ఉంటాయి, లేకపోతే నడిసముద్రంలోని ఆ దీవికి చేరేవే కావు. అక్కడ నేల మీద తిరిగే వేటజంతువు లేదు. ఎగరడానికి పెద్ద కండలు కావాలి, వాటికి బోలెడు తిండి కావాలి. అవసరం లేనిచోట ఆ ఖర్చు తగ్గించుకున్న పక్షులే బాగా బతికాయి. ఒళ్లు పెరిగింది, రెక్క చిన్నబోయింది. అది సోమరితనం కాదు, ఆ దీవికి కుదిరిన బతుకు. ఫించ్ ముక్కులాగే, అక్కడి తాళానికి అక్కడి చెవి.

1598లో డచ్చి ఓడలు ఆ దీవికి వచ్చాయి. ఓడల వెంట పందులు, ఎలుకలు, కోతులు చేరాయి. నేల మీద పెట్టిన గుడ్లను తిన్నాయి. అడవి కూడా కొట్టారు. డోడోను చూసినట్టు చాలామంది ఒప్పుకునే చివరి సాక్ష్యం 1662 నాటిది. మధ్యలో 64 ఏళ్లు. తయారవడానికి లక్షల ఏళ్లు పట్టినదానికి, మారడానికి మనం ఇచ్చిన గడువు ఒక మనిషి ఆయుష్షు. అది మారలేదని దాన్నే తప్పుపట్టడం న్యాయమా?

హవాయిలోనూ ఇదే. ఆ దీవుల్లో దోమ ఉండేది కాదు. 1826 ప్రాంతంలో ఓడ నీటి పీపాల్లో దోమ వచ్చింది. దాని ద్వారా తరువాత పక్షి మలేరియా పాకింది. దోమను ఎరగని పిట్టల ఒంట్లో ఆ జబ్బును తట్టుకునే శక్తి లేదు. చలి ఎక్కువైన కొండల మీదికి దోమ పోలేదు కాబట్టి అక్కడివి కొన్ని మిగిలాయి. ఇప్పుడు వేడి పెరిగి దోమ కొండెక్కుతోంది. యాభైకి పైగా ఉన్న హనీక్రీపర్ జాతుల్లో ఈనాడు 20 కూడా మిగలలేదు. 2023లో అమెరికా ప్రభుత్వం అంతరించినట్టు ప్రకటించిన జాతుల జాబితాలో హవాయి పక్షులే 8 ఉన్నాయి.

అయితే బయటినుంచి వచ్చిందల్లా చెడ్డదా? ఈ మాట కూడా జాగ్రత్తగా అనాలి. గలపాగోస్ ఫించ్ బయటిదే. క్రకటోవా సాలీడు బయటిదే. దీవి మీద ఉన్న ప్రతిదీ ఏదో ఒకరోజు వచ్చినదే, లేదా వచ్చినదాని సంతానమే. రావడం తప్పు కాదు. అడగాల్సినవి వేరు. ఎంత వేగంగా వచ్చింది? ఉన్నవాటికి సర్దుకునే వ్యవధి ఉందా? పోయేది ఇంకెక్కడైనా ఉందా? తెచ్చినవాళ్లు ఎవరు, ఆగగలిగి కూడా ఆగలేదా? మొదటి మూడింటికి శాస్త్రం జవాబు చెబుతుంది. నాలుగోదానికి మనిషే చెప్పాలి. అగ్నిపర్వతాన్ని ఎవరూ నిలదీయలేరు. ఓడ నడిపినవాణ్ణి నిలదీయవచ్చు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్న. మన తెలుగులో ఒక చిక్కు ఉంది. పిట్టల రకానికీ జాతి అంటాం, మనుషుల గుంపుకూ జాతి అంటాం. ‘అంతరించిపోతున్న జాతులు’ అని ఒక పేజీలో, ‘ఆదిమ జాతులు’ అని ఇంకో పేజీలో చదివిన పిల్ల ఆ రెండూ కలిపి చదువుకుంటే తప్పు పిల్లది కాదు, మాటది. శాస్త్రంలో మనుషులంతా ఒకే జాతి. కోయవాళ్లం, గోండులు, కొండరెడ్లు, సవరలు, చెంచులు, పట్నంలో పుట్టినవాళ్లు, అందరం కలిపి ఒకటే. ఫించ్‌కూ ఫించ్‌కూ ముక్కులో తేడా ఉన్నట్టు మన మధ్య తేడా పుట్టుకలో లేదు, నేర్పులో ఉంది. నేర్పు ఒక్క తరంలోనే అబ్బుతుంది. సెలయేటి గట్టున చేపలు పట్టిన మా నాన్న కొడుకు ఈ వ్యాసం రాస్తున్నాడు. అలాగని చేపలు పట్టడం మరిచిపోలేదు.

మనం దీవులం కూడా కాదు. సంతకు పోయాం, ఉప్పు కొన్నాం, పొరుగు భాషల మాటలు తీసుకున్నాం, మన మాటలు ఇచ్చాం. “వీళ్లను ఎవరూ కదిలించకుండా గాజుపెట్టెలో పెట్టండి” అనేవాళ్లూ, “వీళ్లు మారలేరు, పోతారు” అనేవాళ్లూ ఇద్దరూ మనల్ని పిట్టల లెక్కలో వేస్తున్నవాళ్లే.

మరి డోడో కథకూ మనకూ పోలిక ఏమీ లేదా? ఉంది. అది ఒంట్లో లేదు, నింద వేసే పద్ధతిలో ఉంది. 2010 జనవరిలో అండమాన్ దీవుల్లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోయారు. ఆమెతో బో అనే భాష పోయింది. ఆ భాష మాట్లాడగలిగినవాళ్లలో ఆమె చివరివారు. ఆ భాషలో బలం లేక పోయిందా? 1858లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ ఖైదీల వలస స్థావరం పెట్టారు. కొట్లాటలు జరిగాయి. తట్టు వంటి జబ్బులు వచ్చాయి. కొన్ని వేలమంది ఉన్న గ్రేట్ అండమానీయులు వంద ఏళ్లలో పదుల సంఖ్యకు వచ్చారు. చెప్పుకోవడానికి తోడు లేక భాష మూగబోయింది. ఆ సముద్రంలో ఏ చేప ఎప్పుడు దొరుకుతుందో, ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో ఆ చోటే తయారైన మాటల్లో దాచుకున్న తెలివి అది. వచ్చిన ఖాతాలోది కాదు, తయారైన ఖాతాలోది. ఇంకో భాష వచ్చి దాని స్థానంలో నిలబడితే లెక్క సరిపోవచ్చు గాని, పోయింది తిరిగి రాదు.

పోయినవాళ్లను చేతగానివాళ్లనడం ఉన్నవాళ్లకు సులువు. అప్పుడు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. డోడోను చూసి నవ్వడం అలవాటైన క్లాసు, రేపు మునిగిన ఊరిని చూసి కూడా “వాళ్లకు తెలివి లేక” అంటుంది. ఆ రోజు నేను నవ్వడం అందుకే తప్పు.

నిరాశ మాత్రమే చెప్పి ముగిస్తే అదీ నిజం కాదు. అదే మారిషస్‌లో కెస్ట్రెల్ అనే చిన్న డేగ ఉంది, లోకంలో ఇంకెక్కడా లేదు. 1974లో అడవిలో 4 మాత్రమే మిగిలాయి. మనుషులే పూనుకుని గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి, గూడుపెట్టెలు కట్టి వదిలారు. తరువాత వందల సంఖ్యకు చేరాయి. డోడోను పోగొట్టింది మనుషుల చేతులే, కెస్ట్రెల్‌ను నిలబెట్టిందీ మనుషుల చేతులే. అక్కడ పక్షి బలం పెరగలేదు. మనుషుల తీరు మారింది.

తోటి టీచర్లకు ఒక మాట. ఈ పాఠం చెప్పడానికి సముద్రం అక్కర్లేదు. బడి వెనక నాలుగైదు పెద్ద బండలు ఉంటే చాలు. ఒక్కోటి ఒక దీవి. పిల్లల్ని గుంపులు చేసి ఏ బండ మీద ఎన్ని రకాల నాచు, చీమ, గడ్డి ఉన్నాయో లెక్కపెట్టించండి. పెద్ద బండ మీద ఎక్కువా, చెట్టుకు దగ్గరగా ఉన్నదాని మీద ఎక్కువా చూడమనండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. అంకె అదే ఉండి రకాలు మారాయేమో అడగండి. తరువాత ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి, మన భాషలోనే ఉండి తెలుగులో లేని పది మాటలు రాసుకుని రమ్మనండి. రెండు ఖాతాలు వాళ్లకే తెలుస్తాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న పండక్కి ఇంటికొస్తే పిలిచి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. డోడో చేతగానిది కాదని, మనం డోడోలం కాదని, ఆ రెండూ వేరువేరు జవాబులని చెప్పాను. ఓపిగ్గా విన్నది.

“మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు సార్?” అని అడిగింది.

“నాకు తెలియదమ్మా, అందుకే” అన్నాను.

“వాడికి కూడా చెప్పండి సార్” అంది. వెనక బెంచీ పిల్లవాడి గురించి. వాడు చదువు మానేసి మేస్త్రీ పనికి పోతున్నాడు. ఈ పుస్తకం వచ్చాక ఒక ప్రతి వాడికి ఇస్తాను.